సాఫ్ట్‌వేర్ ఇచ్చే ముందు లైసెన్సులు చూడండి
గుంటూరు మిర్చి యార్డు కమీషన్ షాపులకు నేను బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసిస్తుంటాను. ఇన్‌స్టాలర్ వాళ్ల చేతికిచ్చే ముందు, అందులో వాడిన ప్రతి లైబ్రరీ (వేరేవాళ్లు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్) లైసెన్స్ చదువుతాను. మీరూ చదవండి.

ఎంఐటీ లైసెన్స్ అయితే టెన్షన్ లేదు. కాపీరైట్ నోటీసు, లైసెన్స్ పాఠం కలిపిస్తే చాలు. అపాచీ 2.0 అయితే మార్చిన ఫైళ్లలో ఆ సంగతి కూడా రాయాలి.

జాగ్రత్తంతా జీపీఎల్ అనే లైసెన్స్ దగ్గరే. ఆ లైసెన్స్ ఉన్న కోడ్ కలిపిన ప్రోగ్రామ్‌ను అమ్ముకోవచ్చు. కానీ కొన్నవారికి మొత్తం సోర్స్ కోడ్ (ప్రోగ్రామర్ రాసిన అసలు కోడ్) అదే లైసెన్స్ కింద అందాలి. రాసినవాళ్లు మనల్ని పైసా అడగలేదు, ఈ షరతైనా నిలబెట్టాలి. 1991 నాటి జీపీఎల్ రెండో వెర్షన్‌లో, సోర్స్ వెంట ఇవ్వకపోతే అడిగినప్పుడు ఇస్తామని కనీసం 3 ఏళ్లు చెల్లే రాతపూర్వక హామీ ఇవ్వాలి. నేనైతే అదే పెన్‌డ్రైవ్‌లో సోర్స్ పెట్టేస్తాను. తర్వాత పాత వెర్షన్ వెతుక్కునే పని ఉండదు.

బయటికివ్వకుండా మీ ఆఫీసులోనే వాడుకుంటే జీపీఎల్ సోర్స్ ఇమ్మనదు.