ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసులో ఇంటర్న్‌గా మొదటి రోజు: ఏం చేయాలి? ఎలా చేయాలి?

తెలంగాణలో ఒక ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసులో కొన్నాళ్లు ఇంటర్న్‌గా చేశాను. రాజకీయం దగ్గరగా చూడొచ్చని వెళ్లాను. మొదటి రోజంతా అర్జీలు రాసుకోవడంతోనే సరిపోయింది. మీకూ దాదాపు అంతే ఉంటుంది.

1. పొద్దున్నే వెళ్లండి

పదింటికి రమ్మన్నా ఎనిమిదిన్నరకల్లా అక్కడ ఉండండి. సారు పర్యటనకు బయల్దేరేలోపే కలవాలని జనం తెల్లారే వచ్చేస్తారు. చొక్కా రంగు కూడా చూసుకోండి. గులాబీ, కాషాయం లాంటివి ఏ పార్టీ ఆఫీసులోనైనా ఏదో ఒక మాట తెచ్చిపెడతాయి. అలాగని తెల్ల చొక్కా వేసుకెళితే మిమ్మల్నే లీడర్ అనుకుని దండం పెడతారు!

2. ముందు పీఏను కలవండి

సారుతో ఫొటో తర్వాత దిగొచ్చు. ఫోన్ వస్తే ఏం చెప్పాలి, అర్జీలు ఏ రిజిస్టర్‌లో రాయాలి, లెటర్‌హెడ్ ఎవరి దగ్గర ఉంటుంది అనేవి పీఏను అడిగి తెలుసుకోండి. గన్‌మన్‌నీ డ్రైవర్‌నీ పలకరించండి. సారు ఎప్పుడొస్తారో అందరికంటే ముందు వాళ్లకే తెలుస్తుంది.

3. అర్జీ తీసుకునే పద్ధతి

అసలు పని ఇదే. ముందు కూర్చోబెట్టి మంచినీళ్లివ్వండి. "ఏం పని మీద వచ్చిండ్రు పెద్దమ్మా?" అని అడిగి, చెప్పింది పూర్తిగా వినండి. మధ్యలో ఆపితే మళ్లీ మొదటి నుంచి చెబుతారు. పేరు, ఊరు, మండలం, ఫోన్ నంబర్ రాసుకోండి. ఒకే పేరుతో రెండు ఊళ్లుంటాయి కాబట్టి మండలం తప్పనిసరి. ఫోన్ నంబర్ మనవడిదో పక్కింటివాళ్లదో అయితే అదీ పక్కన రాయండి.

తర్వాత అది ఎవరి పనో తేల్చుకోవాలి. భూమి గొడవైతే తహసీల్దార్ ఆఫీసు. మోరీ నిండితే పంచాయతీ లేదా మున్సిపాలిటీ. ట్రాన్స్‌ఫార్మర్ కాలితే కరెంటు ఆఫీసు ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్). కొన్నిటికి సోమవారం కలెక్టరేట్‌లో జనం దగ్గర అర్జీలు తీసుకునే ప్రజావాణి దారి చూపించాలి.

ఆస్పత్రి ఖర్చుల కోసం వచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. రోగి ఇంకా ఆస్పత్రిలోనే ఉంటే వాళ్లు అడిగేది ఎల్‌వోసీ, అంటే చికిత్స ఖర్చు ప్రభుత్వం ఇస్తుందని ఆస్పత్రికి ముందే రాసిచ్చే హామీ పత్రం. బిల్లు కట్టి ఇంటికొచ్చాక అయితే ముఖ్యమంత్రి సహాయ నిధి చెక్కు. దానికి ఒరిజినల్ బిల్లులు కావాలి, జిరాక్సులు తెస్తే మళ్లీ తిరగాల్సి వస్తుంది. ఈ సంగతి మొదటి రోజే చెబితే వాళ్లకు ఒక బస్సు చార్జీ మిగులుతుంది.

ఆడపిల్ల పెళ్లికి ప్రభుత్వం డబ్బు సాయం చేసే కళ్యాణలక్ష్మి పథకం గురించి కూడా అడుగుతారు. ఆ 1,00,116 రూపాయల చెక్కు పెళ్లికూతురి తల్లి పేరున వస్తుంది. దరఖాస్తు తహసీల్దార్ దగ్గర ఆగిందా, మంజూరై చెక్కు కోసం చూస్తోందా అన్నది కనుక్కుని చెప్పండి.

4. "అయిపోతుంది" అనకండి

ఈ తప్పు నేనే చేశాను. పింఛను కోసం వచ్చిన ఒక తాతతో, టెన్షన్ పడుతున్నాడు కదా అని, "అయిపోతుంది తాతా, నువ్వు పో" అన్నాను. వారానికి మళ్లీ వచ్చి అందరి ముందూ నన్నే చూపించి, "ఈ సారు అయిందని చెప్పిండు" అన్నాడు. పీఏ నన్ను ఏమీ అనలేదు. తాతను కూర్చోబెట్టి అర్జీ మొదటి నుంచి రాయించాడు. "రాసుకున్నాం, ఫలానా ఆఫీసుకు పంపుతాం, ఫలానా రోజు ఫోన్ చేయండి" అనడం వరకే మీ పని.

5. ఫోన్ జేబులోనే ఉంచండి

అర్జీల్లో ఆధార్ నంబర్లు, జబ్బులు, ఇంటి గొడవలు ఉంటాయి. వాట్సాప్ స్టేటస్‌లో పెట్టే ఫొటోలో టేబుల్ మీద కాగితం కనిపించినా తప్పే. వరండాలో పార్టీల వాదన మొదలైతే టీ తాగే నెపంతో తప్పుకోండి.

6. వెళ్లేముందు

ఆ రోజు అర్జీలన్నీ మండలాల వారీగా విడదీసి పీఏ టేబుల్ మీద పెట్టండి. అర్జెంటువి పైన ఉండాలి. మర్నాడు వచ్చేటప్పుడు రెండు పెన్నులు తెచ్చుకోండి. ఒకటి ఎవరో సంతకం పెట్టడానికని అడిగి తీసుకుని జేబులో పెట్టుకుపోతారు.