వార్తల గుమ్మం దాటి రానిదాన్ని కనిపెట్టడం ఎలా?

ప్రజాభిప్రాయాన్ని మలచడానికి అబద్ధమే చెప్పనక్కరలేదు. నిజాల్లో కొన్నింటిని ముందుకు తెచ్చి, మిగిలినవాటిని పక్కన పెడితే చాలు. ఏ సమాచారం మనదాకా రావాలో నిర్ణయించే ద్వారపాలకుల అసలు బలం అక్కడే ఉంది. 1949 ఫిబ్రవరిలో, అమెరికాలోని ఒక దినపత్రికలో, పత్రికలకు వార్తలు అందించే ఏజెన్సీల నుంచి వచ్చినవాటిని ఎంపిక చేసే ఎడిటర్ ఒకరు, తాను తీసేసిన ప్రతి వార్తనూ ఎందుకు వద్దనుకున్నదీ వారం పాటు రాసి పెట్టారు. వాటిని పరిశీలించి పరిశోధకుడు డేవిడ్ మానింగ్ వైట్ 1950లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, వచ్చిన వార్తల్లో దాదాపు పదింట తొమ్మిది వంతులు అచ్చు కాలేదు. చోటు చాలకపోవడం ఒక కారణమైతే, ఆ ఎడిటర్ సొంత ఇష్టాయిష్టాలు మరో కారణం.

ఇలా వదిలేసినదాన్ని అన్ని వార్తల్లోనూ వెతకడం ఎవరి తరమూ కాదు కనుక, మీకు నిజంగా పట్టింపు ఉన్న ఒకే విషయాన్ని ఎంచుకొని కొన్ని వారాలు వెంబడించండి. ముందుగా వార్త పైనో చివరనో ఉండే పేరు చూడండి. అక్కడ వార్తా ఏజెన్సీ పేరుంటే, అదే కథనం పది పత్రికల్లో కనిపించినా మీరు విన్నది ఒక్క గొంతునే. పది చోట్ల చదివాం కాబట్టి నిజమే అయి ఉంటుందన్న నమ్మకం చాలాసార్లు ఇలాగే పుడుతుంది. కాబట్టి పోల్చి చూడటానికి యాజమాన్యాలు వేరైన, సొంత విలేకరులను పంపిన సంస్థలనే తీసుకోండి.

అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చేది మూలపత్రం చదవడం. తీర్పు, బిల్లు, ఆడిట్ నివేదిక, ప్రసంగ పాఠం, ఏదైనా సరే, పూర్తి ప్రతిని తెచ్చుకొని, వార్తలో చోటు దక్కని పేరాల కింద గీతలు గీయండి. తీర్పులోని భిన్నాభిప్రాయం, నివేదికలోని మినహాయింపులు, అంకెల కింద ఉండే షరతులు తరచూ ఆ గీతల మీదే తేలతాయి. ఎవరి మాటలను ఉటంకించారో, బాధితులను అసలు పలకరించారో లేదో కూడా గమనించండి.

వార్తకు ఇచ్చిన స్థానమూ ముఖ్యమే. 1968 అమెరికా అధ్యక్ష ఎన్నికల వేళ చాపెల్ హిల్‌లో ఇంకా ఎటూ తేల్చుకోని 100 మంది ఓటర్లను పరిశోధకులు మెకోంబ్స్, షా ప్రశ్నించినప్పుడు, పత్రికలు, టీవీలు పెద్దవి చేసి చూపిన అంశాలనే వారు కూడా ముఖ్యమైనవిగా భావిస్తున్నట్టు తేలింది.

నేటి ద్వారపాలకుడు చాలామటుకు ఆల్గారిదమే, అంటే ఎవరికి ఏ పోస్టు చూపాలో నిర్ణయించే కంప్యూటర్ సూత్రాల వరుసే. 2018 జనవరిలో ఫేస్‌బుక్ తన ఫీడ్‌లో వార్తా సంస్థల పోస్టుల కన్నా మిత్రుల, బంధువుల పోస్టులకు ప్రాధాన్యం ఇస్తామని ప్రకటించింది. ఒక్క సంస్థ తీసుకున్న ఆ నిర్ణయం 200 కోట్లకు పైగా వినియోగదారుల ఫీడ్‌కు సంబంధించినది. అందుకే తేదీల వరుసలో చూపే సదుపాయం ఉంటే దాన్నే ఎంచుకోండి, ముఖ్యమైన సంస్థల సైట్లకు నేరుగా వెళ్లండి.

అయితే, రానిదంతా కావాలని దాచిందే అనుకోవడం అన్యాయం. నిర్ధారణ కాని వదంతిని ఆపే ఎడిటర్ మనకు మేలే చేస్తున్నారు. వదిలేసిన అంశం పదేపదే ఒకే పక్షానికి ఉపకరిస్తున్నట్టు మీ గీతలు చూపితే మాత్రం, ఆ పేరాలను తేదీలతో సహా జతచేసి, ఎందుకు వదిలారని సంపాదకుడికి రాతపూర్వకంగా ప్రశ్న పంపండి.