అద్దెకిచ్చే ఇంటికి భారత్ గృహ రక్ష పాలసీ: దరఖాస్తు విధానం

2021 నవంబరులో శేషాచలం కొండల మీద నుంచి దిగిన నీరు తిరుపతి వీధులను ముంచెత్తిన రోజులు గుర్తున్న ఇంటి యజమానులకు ఈ బీమా ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు. అగ్నిప్రమాదం, తుపాను, వరద, భూకంపం, అల్లర్ల వంటి వాటి వల్ల నివాస గృహాలకు కలిగే నష్టానికి సాధారణ బీమా కంపెనీలు 2021 ఏప్రిల్ 1 నుంచి ఒకే నమూనాలో ఈ పాలసీని ఇస్తున్నాయి.

కంపెనీ శాఖలో గాని, ఏజెంటు ద్వారా గాని, ఆన్‌లైన్‌లో గాని ప్రపోజల్ ఫారం (బీమా దరఖాస్తు పత్రం) నింపవచ్చు. గుర్తింపు, చిరునామా రుజువులు తప్పనిసరి. ఇంటి పన్ను రసీదు, రిజిస్టర్డు దస్తావేజు, అద్దె ఒప్పందం నకళ్లు దగ్గర ఉంచుకోవడం మేలు.

ఎక్కువ మంది పొరపడేది బీమా మొత్తం, అంటే ఎంత విలువకు బీమా చేయించాలన్న దాని దగ్గరే. అలిపిరి రోడ్డులో స్థలం ధర ఎంత పలికినా ఇక్కడ లెక్కకు రాదు. ఇంటి కార్పెట్ ఏరియాను (బయటి గోడలు పోను లోపల వాడుకునే నేల వైశాల్యం), ఆ ఇంటిని ఈనాడు మళ్లీ కట్టడానికి చదరపు అడుగుకయ్యే ఖర్చుతో హెచ్చించాలి. ఉదాహరణకు 1,000 చదరపు అడుగుల ఇంటికి అడుగుకు 2,000 రూపాయల చొప్పున 20 లక్షలవుతుంది. భవనంతో పాటు ఇంట్లోని వస్తువులకూ బీమా తీసుకుంటే, అందులో 20 శాతం, అంటే 4 లక్షలు, విడిగా జాబితా ఇవ్వకుండానే వస్తువులకు వర్తిస్తుంది. దీనికి గరిష్ఠ పరిమితి 10 లక్షలు. అయితే ఇవి యజమాని వస్తువులు మాత్రమే. అద్దెకున్నవారి సామానుకు వారే వేరుగా పాలసీ తీసుకోవాలి.

ఇంటి వాడకం గురించిన ప్రశ్నకు ఉన్నది ఉన్నట్టు రాయాలి. కింది అంతస్తులో టిఫిన్ సెంటరు నడుస్తున్నా, గదులను యాత్రికులకు రోజువారీగా ఇస్తున్నా, నివాసమని రాసి ఊరుకుంటే తరువాత క్లెయిము చిక్కుల్లో పడుతుంది. దుకాణం భాగానికి వేరే పాలసీ అవసరమవుతుంది. మధ్యలో వాడకం మారినా కంపెనీకి రాతపూర్వకంగా తెలపాలి.

బీమా వర్తించే ప్రమాదం వల్ల ఇల్లు నివాసయోగ్యం కాకపోతే, కోల్పోయిన అద్దె కూడా ఈ పాలసీలోనే వస్తుంది. అద్దె ఒప్పందం అక్కరకొచ్చేది అప్పుడే. అద్దెదారు బాకీపడి వెళ్లిపోతే మాత్రం రాదు. దొంగతనం సైతం, అలాంటి ప్రమాదం కారణంగా దాని తరువాత 7 రోజుల్లోపు జరిగితేనే వర్తిస్తుంది.

క్లెయిము తిరస్కరిస్తే ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయాలి. అక్కడ తేలకపోతే, ఏడాదిలోపు హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు (బీమా కంపెనీలపై ఫిర్యాదులను విచారించే అధికారికి) రుసుము లేకుండా ఫిర్యాదు చేసుకోవచ్చు.