డిలీట్ కొట్టే ముందు బిగిన్
జనం వాడుతున్న అసలు (ప్రొడక్షన్) డేటాబేస్‌లో చేత్తో డిలీట్ (వరుసల్ని తీసేసే కమాండ్) నడపాల్సి వస్తే, ముందు, ఏ వరుసలు పోవాలో చెప్పే అదే వేర్ కండిషన్‌తో సెలెక్ట్ కౌంట్ కొట్టి ఎన్ని వరుసలున్నాయో చూసుకోండి. 12 వరుసలని వచ్చిందనుకోండి, ఆ అంకె పక్కన రాసుకుని, బిగిన్ కొట్టి (ఇక కమిట్ కొట్టేదాకా మార్పులు ఖాయం కావు), అప్పుడు డిలీట్ నడపండి. 12 బదులు 12,000 కనిపిస్తే డిలీట్‌ని రద్దు చేసే రోల్‌బ్యాక్, అంతే. సరిపోతేనే కమిట్ కొట్టి ఖాయం చేయండి. మైఎస్‌క్యూఎల్‌లో ఆటోకమిట్ (ప్రతి కమాండూ వెంటనే దానంతట అదే ఖాయమైపోవడం) మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది, బిగిన్ మర్చిపోతే పోయినట్టే. నేనొకసారి వేర్ ఉన్న లైను వదిలేసి పై లైను మాత్రమే సెలెక్ట్ చేసి రన్ కొట్టాను, టేబుల్‌లోని వరుసలన్నీ పోయాయి. బ్యాకప్ నుంచి డేటా తెచ్చుకునేసరికి తెల్లారింది, ఆ టెన్షన్ చెప్పలేను. బిగిన్ కొట్టి సీట్లోంచి లేచి వెళ్లిపోకండి సుమా! డిలీట్ చేసిన వరుసల మీద లాకులు అలాగే ఉండి మిగతావాళ్ల పని ఆగిపోతుంది. ఒరాకిల్‌లో టేబుల్ మొత్తాన్ని ఖాళీ చేసే ట్రంకేట్‌కి మాత్రం ఈ బిగిన్ పద్ధతి పనిచేయదు, అది తనంతట తానే కమిట్ అయిపోతుంది.