పీసీఆరా, కల్చరా? శాంపిల్ పంపే ముందు ఒక్క నిమిషం

వైరాలజీ ల్యాబ్‌లో నా టేబుల్ మీద ఫోన్ మోగితే సాధారణంగా ఒకటే ప్రశ్న: "మేడమ్, పీసీఆర్ రాయాలా, కల్చర్ రాయాలా?" "రిపోర్ట్ వచ్చాక ఏం చేస్తారు?" అని నేను ఎదురడుగుతాను. పీసీఆర్ వైరస్ జన్యువుల కోసం చేసే పరీక్ష, కల్చర్ అంటే శాంపిల్‌లోని వైరస్‌ను ల్యాబ్‌లో కణాల మీద పెంచి చూడటం.

మందు మొదలుపెట్టాలా వద్దా తేల్చుకోవడానికైతే పీసీఆరే. మెదడువాపు అనుమానంతో వెన్నునీరు తీశారంటే ఇంకో ఆలోచన వద్దు. మెదడులో హెర్పిస్ సింప్లెక్స్ వైరస్ ఉన్నా, పెద్దవాళ్ల వెన్నునీటిని కల్చర్ పెడితే దాదాపుగా ఏమీ పెరగదు. పీసీఆర్‌లో కొన్ని గంటల్లో తేలిపోతుంది. అయితే జబ్బు మొదలైన రెండు మూడు రోజుల్లోపు తీసిన నీటిలో నెగటివ్ రావచ్చు. అది చూసి హెర్పిస్‌కిచ్చే మందు ఎసైక్లోవిర్ ఆపేయకండి. అనుమానం గట్టిగా ఉంటే 3 నుంచి 7 రోజుల మధ్య మళ్లీ పంపండి.

మరి కల్చర్ దేనికి? పీసీఆర్ వెతికేది వైరస్ జన్యు పదార్థాన్ని. చచ్చిన వైరస్ ముక్కలున్నా పాజిటివే. కోవిడ్ తగ్గి వారాలైనా పాజిటివ్ వచ్చి టెన్షన్ పడ్డవాళ్లు మీకూ తెలిసే ఉంటారు. కల్చర్‌లో పెరిగేది బతికున్న వైరసే. మందుకు లొంగుతోందో లేదో కణాల మీద నేరుగా చూడాలన్నా, ఫ్లూ టీకాకు రకం ఎంచుకోవాలన్నా అది కావాలి. పోలియో నిఘాలో మలం శాంపిళ్లను దశాబ్దాలుగా ఆర్‌డీ, ఎల్20బీ అనే ల్యాబ్ కణాల మీద పెంచుతున్నది అందుకే. ఓపిక మాత్రం ఉండాలి. హెర్పిస్ సింప్లెక్స్ ఒకటి నుంచి మూడు రోజుల్లో కనిపిస్తుంది, సైటోమెగలో వైరస్ రెండు మూడు వారాలు కూర్చోబెడుతుంది.

ఇక శాంపిల్. కొత్తలో ఒక సాయంత్రం, రేపు చూద్దాంలే అని గొంతు స్వాబ్‌ను మైనస్ 20 ఫ్రీజర్‌లో పెట్టి ఇంటికెళ్లాను. పీసీఆర్ పాజిటివ్ వచ్చింది, కల్చర్‌లో మాత్రం పది రోజులు చూసినా ఏమీ లేదు. ఆ చలికి వైరస్ చచ్చిపోతుంది, దాని జన్యు పదార్థం ఆర్‌ఎన్‌ఏ మిగులుతుంది. కల్చర్ కావాలంటే వీటీఎంలో (వైరస్‌ను దారిలో బతికించి ఉంచే ద్రవం) వేసి, 2–8 డిగ్రీల్లో ఐస్ ప్యాక్‌ల మీద వెంటనే పంపండి. ఆలస్యమయ్యేలా ఉంటే మైనస్ 70. మధ్యలో ఇంకేదీ వద్దు.

స్వాబ్ పాలియెస్టర్‌దో నైలాన్‌దో కావాలి. చెక్కపుల్లలు, కాల్షియం ఆల్జినేట్ స్వాబ్‌లు రెండు పరీక్షలనూ చెడగొట్టగలవు. రక్తం పీసీఆర్‌కైతే ఊదా మూత ఈడీటీఏ ట్యూబ్‌లో తీయండి. ఆకుపచ్చ మూత ట్యూబ్‌లోని హెపారిన్ పీసీఆర్‌ను అడ్డుకుంటుంది.

ఫారంలో జబ్బు మొదలైన తేదీ గడి ఖాళీగా వదిలేస్తే మాత్రం, ఈసారి ఫోన్ చేసేది నేను.