కొత్త ఇంట్లో మొదటి వానాకాలం: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

పర్లాకిమిడి, రాయగడ, బరంపురం వైపు కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్లకైనా, కొనుక్కున్నవాళ్లకైనా అసలు పరీక్ష మొదటి వానాకాలంలోనే. గృహప్రవేశం నాటికి అన్నీ బాగానే కనిపిస్తాయి. నాలుగు వానలు పడ్డాక ఒక్కొక్కటీ బయటపడతాయి. అప్పుడు పిలిస్తే కొందరు మేస్త్రీలు నిమ్ము మీద లప్పం పూసి వెళ్లిపోతారు. కొందరు ఎలక్ట్రీషియన్లు పదేపదే పడిపోయే బ్రేకర్‌ని తప్పించి డైరెక్టుగా లైను కలిపేస్తారు. పైకి కనిపించేది పోతుంది, లోపం అలాగే ఉంటుంది. కాబట్టి పనివాణ్ణి పిలిచేలోగా లోపం ఎక్కడుందో కొంతవరకు మీరే తేల్చుకోండి.

వాన పడితే చాలు, మా ఇంట్లో కరెంటు పోతోంది

వీధిలో కరెంటు ఉండి మీ ఇంట్లోనే పోయిందంటే మెయిన్ బోర్డు చూడండి. అందులో ఉండే బ్రేకర్లలో పడింది మామూలు ఎంసీబీయా, టెస్ట్ బటన్ ఉన్న ఆర్‌సీసీబీయా? లోడు ఎక్కువైనా, షార్ట్ అయినా ఎంసీబీ పడుతుంది. అది కాపాడేది వైరుని. వెళ్లిన కరెంటంతా తిరిగి రాకుండా కొంత భూమిలోకి పోతుంటే ఆర్‌సీసీబీ పడుతుంది. ఇళ్లలో పెట్టాల్సింది 30 మిల్లీయాంపులది, అది కాపాడేది మనిషిని.

వానకి పడేది ఎక్కువగా ఆర్‌సీసీబీయే. ఎంసీబీలన్నీ కిందకి దించి దాన్ని ఎత్తండి. నిలబడితే ఎంసీబీలు ఒక్కొక్కటే ఎత్తుతూ రండి. ఏది ఎత్తగానే పడిందో లోపం ఆ లైన్లో ఉంది. ఆ లైను మీద ఉన్న ప్లగ్గులన్నీ పీకి మళ్లీ చూడండి. నిలబడితే లోపం ఏదో వస్తువులో ఉంది, అప్పటికీ పడితే వైరింగులో ఉంది. ఎంసీబీలన్నీ దించినా ఆర్‌సీసీబీ నిలవకపోతే న్యూట్రల్ ఎక్కడో ఎర్త్‌ని తాకుతోందేమో అనుమానించాలి. చాలా ఇళ్లలో ఎంసీబీ ఫేజ్‌ని మాత్రమే తెంపుతుంది కాబట్టి అలా జరుగుతుంది. అక్కడి నుంచి అది ఎలక్ట్రీషియన్ పని.

ముందు చూడాల్సినవి గేటు లైటు, డాబా మీది లైటు, మోటారు స్విచ్చు. గేటు లైటు జాయింటుకి చుట్టిన నల్ల టేపు విప్పితే లోపల నీళ్లు నిలిచి, రాగి తీగ పచ్చబడి కనిపిస్తుంది. ఎంత టేపు చుట్టినా వాన నీరు ఆగదు. ఆ జాయింటుని నీరు చొరబడని బాక్సులో పెట్టించండి, వైరు కింది వైపు నుంచి బాక్సులోకి వెళ్లాలి. బ్రేకర్‌ని తప్పించడానికి మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కండి, పడకపోతే మార్పించండి.

ఇక ఎంసీబీ పదేపదే పడుతుంటే పెద్దది వేసేస్తామంటారు. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరుకి ఇళ్లలో సాధారణంగా 16 యాంపులది వేస్తారు. అక్కడ 32 వేస్తే అది పడడం ఆగిపోతుంది, గోడలో వైరు కాలడం మొదలవుతుంది.

కుళాయి ముట్టుకుంటే జివ్వుమంటోంది

వెంటనే గీజరు ఎంసీబీ దించండి. మర్నాటి దాకా ఆగకండి, ఆ బాత్రూంలో ఎవరినీ స్నానం చేయనివ్వకండి. ఎక్కువగా గీజరులో నీళ్లు వేడిచేసే ఎలిమెంటు నుంచి కరెంటు లీకవుతూ ఉంటుంది, దానికి తోడు ఎర్త్ పనిచేయదు. రెండూ సరిచేయించాలి. ఎర్త్ లేని ఇంట్లో కొందరు సాకెట్టులోనే న్యూట్రల్‌ని ఎర్త్ పిన్నుకి కలిపేస్తారు. ఇది ప్రాణాంతకం. న్యూట్రల్ ఎక్కడైనా తెగిందంటే ఫ్రిజ్జు, గీజరు బాడీలన్నిటికీ కరెంటు వచ్చేస్తుంది. వేరే ఎర్త్ గొయ్యి తవ్వించండి, ఎండాకాలంలో అందులో నీళ్లు పోస్తుండండి.

గోడకి నిమ్ము, స్లాబు ఉరుస్తోంది

నిమ్ము ఎక్కడుందో చూస్తే సగం జవాబు దొరుకుతుంది. నేల నుంచి మోకాలి ఎత్తు, నడుము ఎత్తు వరకు ఉండి, తెల్లగా ఉప్పు తేలుతుంటే అది భూమి తేమ. బయట మట్టి లోపలి గచ్చు కన్నా ఎత్తుగా ఉందేమో చూసి ముందు దాన్ని తీయించండి. గోడ మధ్యలో ఒకచోటే మరకుంటే అవతల బాత్రూం పైపు ఉండొచ్చు. ఇంట్లో ఎవరూ నీళ్లు వాడనప్పుడు మీటరుగాని, ట్యాంకు మట్టంగాని గంటసేపు చూడండి. మారితే పైపు లీకే.

తేమ గోడదా, గది గాలిదా అని అనుమానముంటే అడుగు పొడవున్న ప్లాస్టిక్ కవరు ముక్కని నాలుగు వైపులా టేపుతో గోడకి అంటించి, రెండు రోజులు వదిలేయండి. గోడ వైపు చెమ్మ పడితే గోడలోంచి వస్తోంది. బయటివైపు పడితే గదికి గాలి చాలడం లేదు.

స్లాబు ఉరిస్తే ముందు డాబా మీద వాన నీటి గొట్టం నోట్లో ఆకులు తీయండి. తర్వాత స్లాబూ పిట్టగోడా కలిసే మూల వెంబడి బీట చూడండి, చాలాసార్లు దారి అదే. బీట కోసి, సిమెంటుతో గుండ్రంగా పూడ్చి, పైన వాటర్‌ప్రూఫ్ పూత వేయించాలి. పూతకి ముందు గచ్చు పూర్తిగా ఆరాలి, అందుకే ఇది వేసవి పని. తడి గోడ మీద లప్పం పూస్తే డబ్బు దండగ. పెచ్చులూడి తుప్పు పట్టిన ఇనుము కనిపిస్తే మాత్రం పెయింటు మాట మరచి ఇంజినీరుకి చూపించండి. తుప్పు ఇనుముని ఉబ్బించి కాంక్రీటుని ఇంకా పగలగొడుతూనే ఉంటుంది.

మోటారు తిరుగుతోంది, నీళ్లు రావట్లేదు

వెంటనే ఆపండి, నీళ్లు లేకుండా తిరిగితే సీలు కాలిపోతుంది. బావిలోంచి తోడే మామూలు మోటారైతే పైపు అడుగున ఉండే ఫుట్‌వాల్వులో చెత్త ఇరుక్కుని నీళ్లు జారిపోయి ఉంటాయి. వాల్వు కడిగి, పైపు నిండా నీళ్లు పోసి వేయండి. తిరగకుండా గుయ్‌మంటుంటే కెపాసిటర్ పోయి ఉండొచ్చు. కరెంటు ఆపినా అందులో షాక్ మిగిలి ఉంటుంది, చెయ్యి పెట్టకండి.

గ్యాసు వాసన

స్విచ్చు వేయొద్దు, వేసి ఉన్నది ఆపొద్దు. సిలిండరు రెగ్యులేటరు కట్టేసి, తలుపులు తెరిచి, అందరూ బయటికొచ్చాకే 1906కి ఫోన్ చేయండి. ఈ గ్యాసు గాలి కన్నా బరువు, నేల మీదే పరుచుకుంటుంది, కాబట్టి కిటికీలు చాలవు, గుమ్మాలూ తెరవాలి. రబ్బరు గొట్టం మీద ముద్రించిన తేదీ చూసి ఐదేళ్లకి మార్చేయండి. లీకు వెతకడానికి సబ్బు నురగ వాడండి, అగ్గిపుల్ల ఎన్నడూ వద్దు.

తుఫాను హెచ్చరిక వస్తే

2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫాను గజపతి జిల్లాని ఎంత ఛిద్రం చేసిందో ఇక్కడివాళ్లు మరచిపోలేరు. వసారా రేకుల కొక్కేల బోల్టులు సెప్టెంబరులోనే బిగించుకోండి. ఖాళీ ట్యాంకు ఎగిరిపోతుంది, నింపి ఉంచండి. ఇంట్లోకి నీరొస్తుంటే కాళ్లు పొడిగా ఉండగానే మెయిన్ దించేయండి. ఇన్వర్టరు ఉంటే దాన్నీ ఆపాలి. మెయిన్ పోయినా దాని లైన్లలో కరెంటు ఉంటుంది, ఇది చాలామందికి తట్టదు. తెగిన వైరు రోడ్డు మీద కనిపిస్తే దగ్గరికి వెళ్లకుండా కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి చెప్పండి. నీరు తీశాక, సాకెట్లు మునిగిన గదుల ఎంసీబీలు దించే ఉంచండి. ఎలక్ట్రీషియన్ మెగ్గర్‌తో (వైరు ఇన్సులేషన్‌ని కొలిచే మీటరు) వైరింగు పరీక్షించాకే ఎత్తండి.