చలికాలం దాటాక లిథియం ఆర్వీ బ్యాటరీ లేవట్లేదా? ముందు ఆ సన్న తీగ చూడండి

గడ్డకట్టే చలిలో మూడు నాలుగు నెలలు నిలిపి ఉంచిన ఆర్వీలో (లోపలే ఇంటి ఏర్పాట్లున్న ప్రయాణ బండిలో) స్విచ్ వేస్తే ఒక్క దీపమూ వెలగదు. మీటర్ పెడితే బ్యాటరీ దగ్గర 0 వోల్టులు, లేదంటే 2-3 వోల్టులు కనిపిస్తాయి. వెంటనే అందరూ అనే మాట "చలికి బ్యాటరీ పోయింది" అని. చాలాసార్లు పోయి ఉండదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని ఏ తీగా తగిలించకుండా వదిలేస్తే మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ చలిని కూడా ఓర్చుకుంటుంది. నెలకు అది తనంతట తాను పోగొట్టుకునేది 2-3 శాతం. దాన్ని నిజంగా పాడుచేసేవి రెండు. ఒకటి, అడుగంటా ఖాళీ అయిపోవడం. రెండోది, సెల్స్ గడ్డకట్టే చలిలో ఉండగా చార్జింగ్ ఎక్కడం.

కింద ఇచ్చిన వోల్టేజీలన్నీ నాలుగు సెల్స్ ఉండే 12.8 వోల్టుల బ్యాటరీవి. 24 వోల్టుల రకమైతే మొత్తం బ్యాటరీ వోల్టేజీలను రెట్టింపు చేసుకోండి, ఒక్కో సెల్ వోల్టేజీ మాత్రం మారదు.

లక్షణం: టెర్మినళ్ల మీద వోల్టేజీ లేదు

లోపలి బీఎంఎస్ (సెల్స్‌ను కనిపెట్టుకుని ఉండే ఎలక్ట్రానిక్ సర్క్యూట్) బ్యాటరీని కాపాడటానికి అవుట్‌పుట్ కట్ చేసి నిద్రలోకి వెళ్లింది. సాధారణంగా సెల్ ఒక్కోటి 2.5 వోల్టుల దగ్గరికి, అంటే మొత్తం 10 వోల్టుల దగ్గరికి దిగితే ఇలా చేస్తుంది. మీటర్ చూపించే ఆ 2-3 వోల్టులు ఆపేసిన ట్రాన్సిస్టర్ల గుండా కారుతున్న ఉత్త నీడ మాత్రమే. లోపలి సెల్స్ అసలు స్థితి దాన్నిబట్టి తెలియదు.

పరిష్కారం: బ్యాటరీని వెచ్చని గదిలోకి తెచ్చి ఒక రోజంతా వదిలేయండి. 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే 1 ఆంపియర్‌ను 100 గంటలు ఇచ్చే) బ్యాటరీ 10 కిలోల పైనే ఉంటుంది. పైడబ్బా రెండు గంటల్లో వేడెక్కినా నడిమి సెల్స్ చల్లగానే ఉంటాయి. ఆ తర్వాత, పడుకున్న లిథియం బ్యాటరీని లేపే సౌకర్యం ఉన్న చార్జర్‌తో 5 ఆంపియర్ల దగ్గర మొదలుపెట్టండి. మామూలు చార్జర్ ఎదురుగా వోల్టేజీ కనిపించకపోతే అసలు మొదలే కాదు. అందుకే "చార్జర్ కూడా తీసుకోవట్లేదు, ఇక అయిపోయింది" అనుకుని మంచి బ్యాటరీలను పారేస్తున్నారు.

లేచాక ఫోన్‌లోని బ్యాటరీ యాప్‌లో సెల్ వోల్టేజీలు చూడండి. ఏ సెల్ అయినా 2 వోల్టుల కంటే కిందికి పడి వారాల తరబడి అలాగే ఉంటే దాన్ని నిలబెట్టాలని చూడకండి. అంత లోతుకు దిగిన సెల్‌లో రాగి కరిగి, మళ్లీ చార్జ్ చేసినప్పుడు లోపల పేరుకుంటుంది. లోపలే షార్ట్ అయ్యే ప్రమాదం ఉంటుంది.

అసలు దొంగ: స్విచ్ ఆపినా ఆగని తీగ

బ్యాటరీ లేచింది సరే, ఖాళీ ఎందుకయిందో చూడకపోతే వచ్చే చలికాలం మళ్లీ ఇదే కథ. "డిస్‌కనెక్ట్ స్విచ్ ఆపే పెట్టాను" అని ప్రతి ఒక్కరూ అంటారు. ఆపే ఉంటారు. కానీ చాలా ఆర్వీల్లో ఆ స్విచ్ ఇంటి లోపలి దీపాలు, పంపు, ఫ్యాను లాంటివాటిని మాత్రమే ఆపుతుంది. కొన్ని తీగలు స్విచ్‌ను దాటి నేరుగా బ్యాటరీ టెర్మినల్‌కే బిగించి ఉంటాయి. గ్యాస్ లీకు అలారం, ట్రైలర్ తెగిపోతే బ్రేకులు పట్టించే బ్రేక్‌అవే స్విచ్, జాక్ మోటార్లు, కొన్నిసార్లు ఇన్వర్టర్, తర్వాత ఎవరో బిగించిన సోలార్ కంట్రోలర్, అన్నీ ఇలా ఉండొచ్చు.

లెక్క వేయండి. గ్యాస్ అలారం 75 మిల్లీ ఆంపియర్లు తాగుతుందనుకుంటే రోజుకు 1.8 ఏహెచ్, నెలకు 54 ఏహెచ్. బ్యాటరీ తనంతట తాను పోగొట్టుకునేది నెలకు మహా అయితే 3 ఏహెచ్. 60 శాతంతో నిలిపిన 100 ఏహెచ్ బ్యాటరీ 33 రోజుల్లో ఖాళీ. ఇన్వర్టర్ స్టాండ్‌బైలో ఉండిపోతే 1 ఆంపియర్ లాగినా మూడు రోజులు కూడా పట్టదు. అంతటితో ఆగితే బాగుండేది. బీఎంఎస్ కట్ చేశాక కూడా దాని సొంత సర్క్యూట్, బ్లూటూత్‌తో సహా, కొన్ని మిల్లీ ఆంపియర్లు సెల్స్ నుంచే తీసుకుంటూ ఉంటుంది. పైన చెప్పిన 2 వోల్టుల లోతుకు సెల్స్ పడేది ఈ దశలోనే.

సోలార్ తీగ ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే అది తీసుకోదు, ఎక్కిస్తుంది. ఆకాశం తేటగా ఉంది, బయట మైనస్ 10, ప్యానెల్ మీద ఎండ పడుతోంది. స్విచ్ ఆపి ఉన్నా కంట్రోలర్ బ్యాటరీకి చార్జింగ్ పంపుతూనే ఉంటుంది. 0 డిగ్రీల కింద చార్జ్ చేస్తే లిథియం సెల్‌లోని గ్రాఫైట్ పొర లోపలికి వెళ్లలేక పైపైనే లోహంగా పేరుకుంటుంది. అలా పేరుకున్నది చాలావరకు తిరిగి పనికిరాదు, కెపాసిటీ శాశ్వతంగా తగ్గుతుంది. మంచి బీఎంఎస్ చలిలో చార్జింగ్ ఆపేస్తుంది. ఆ రక్షణ లేని చవక రకాలు ఆపవు. కంట్రోలర్‌కు ఉష్ణోగ్రత సెన్సర్ ఉంది కదా అని నమ్ముకోకండి. అది కంట్రోలర్ పెట్టెలో ఉండి బ్యాటరీ బయటి డబ్బాలో ఉంటే అది కొలిచేది వేరే చోటి వేడిని.

పట్టుకోవడం ఇలా:

1. ప్యానెల్‌ను ముందు విడదీయండి లేదా పూర్తిగా కప్పండి. ప్యానెల్ ఉండగా బ్యాటరీ తీస్తే కొన్ని కంట్రోలర్లు కాలిపోతాయి.
2. అన్నీ ఆపి, డిస్‌కనెక్ట్ స్విచ్ కూడా ఆపండి.
3. మల్టీమీటర్ ఎర్ర తీగను 10 ఆంపియర్ల రంధ్రంలో పెట్టండి. నెగటివ్ కేబుల్ ఇంకా పోస్టును తాకుతుండగానే ఒక ప్రోబ్ పోస్టుకు (టెర్మినల్‌కు), రెండోది కేబుల్ లగ్‌కు (కేబుల్ చివరి లోహపు రింగుకు) ఆనించి, అప్పుడు కేబుల్‌ను పైకి లేపండి. ముందే కేబుల్ తీసేసి తర్వాత మీటర్ పెడితే, ఇన్వర్టర్ కెపాసిటర్లు ఒక్కసారిగా లాగే కరెంటుకు మీటర్ ఫ్యూజు పోతుంది.
4. ఐదు నిమిషాలు ఆగండి. పరికరాలు నిద్రలోకి జారడానికి సమయం పడుతుంది.
5. 0.00 ఉంటే సరే. 0.01 దాటి ఏదైనా ఉంటే టెర్మినల్ మీది సన్న తీగలను ఒక్కొక్కటిగా తీస్తూ అంకె ఎప్పుడు పడిపోతుందో చూడండి.

దొంగ దొరికినా దొరకకపోయినా, నిలిపి ఉంచే కాలానికి నెగటివ్ పోస్టు మీదున్న తీగలన్నీ తీసేయండి. మొదట నెగటివ్, తర్వాత పాజిటివ్. తిరిగి పెట్టేటప్పుడు పాజిటివ్ ముందు, ప్యానెల్ అన్నిటికంటే ఆఖరున. తీసిన లగ్‌లకు టేపు చుట్టండి. స్టీరింగ్ దగ్గరో, బండిని లాగే కొక్కెం దగ్గరో ఒక చీటీ కట్టండి: "గ్యాస్ అలారం, బ్రేక్‌అవే తీగలు విప్పి ఉన్నాయి". అవి తిరిగి పెట్టకుండా గ్యాస్ తెరవకూడదు, బండి లాగకూడదు.

ఎంత చార్జ్‌తో నిలపాలంటే 50-60 శాతం. వోల్టేజీ చూసి ఆ శాతం చెప్పలేరు. సగం నుంచి దాదాపు నిండేదాకా 13.1-13.4 మధ్యే ఆడుతుంది. నిండా ఎక్కించి, 100 ఏహెచ్ బ్యాటరీకి 5 ఆంపియర్ల లోడు 8 గంటలు పెట్టండి. 60 దగ్గర ఆగుతుంది.

లక్షణం: చార్జర్ పెట్టినా ఆంపియర్లు సున్నా

బ్యాటరీ చల్లగా ఉంది, బీఎంఎస్ తన పని తాను చేస్తోంది. యాప్‌లో సెల్ ఉష్ణోగ్రత 5 డిగ్రీలు దాటేదాకా ఆగండి. హీటర్ ఉన్న బ్యాటరీ అయితే నిలిపి ఉంచేటప్పుడు ఆ హీటర్ స్విచ్ ఆపండి. లేకపోతే తనను వెచ్చబెట్టుకోవడానికే అది ఖాళీ అయ్యే రకాలున్నాయి.

లక్షణం: 100 శాతం చూపిస్తుంది, కాసేపటికే పడిపోతుంది

నెలల తరబడి కారిన చిన్న కరెంటును, చార్జ్ శాతం చూపే మానిటర్ లెక్కలోకి తీసుకోలేదు, అంతే. 14.2-14.4 వోల్టుల దాకా నిండా ఎక్కించి రెండు గంటలు అక్కడే ఉంచితే సెల్స్ సమానమవుతాయి, లెక్కా సరిపోతుంది. అప్పుడు తెలిసిన లోడుతో ఖాళీ చేసి చూడండి. 100 ఏహెచ్‌కు 70 మాత్రమే వస్తే, అది చలిలో చార్జ్ అయిన నష్టం కావచ్చు. దానికి మందు లేదు.

అరుదైనవి

డబ్బా ఉబ్బిందా, వాడటం ఆపేయండి, దానికి రిపేరు లేదు. లగ్ వదులైతే బిగించండి, తుప్పుంటే గీకండి. పాత లెడ్-యాసిడ్ కన్వర్టర్ (బండిలోని చార్జర్) 15 వోల్టుల పైన ఈక్వలైజ్ (ఎక్కువ వోల్టేజీతో సెల్స్‌ను సమానం) చేస్తూ బీఎంఎస్‌ను ట్రిప్ చేస్తుంటే ఆ మోడ్ ఆపండి. వీటి వెనక పడే ముందు మాత్రం నెగటివ్ పోస్టు దగ్గర మీటర్ పెట్టారా లేదా చూసుకోండి.